సూర్యుడికి ఎన్‌వోసీ ఇవ్వలేం

మా అపార్ట్‌మెంటు డాబా మీద సోలార్ పెట్టే విషయంలో అసోసియేషన్ తాత్సారం చేస్తోందని కొందరు కుర్రాళ్లు వాట్సాప్ గ్రూపులో గొణుగుతున్నారు. సెక్రటరీగా జవాబు చెప్పాల్సింది నేనే. మియాపూర్‌లో ఎండకేం లోటు లేదు. ఏప్రిల్‌లో చెప్పుల్లేకుండా డాబా ఎక్కితే ఆ సంగతి అరికాళ్లే చెబుతాయి. తేలనిదల్లా ఆ డాబా ఎవరిదన్నదే.

పై అంతస్తు వాళ్లు తమదే అంటారు. ఎండాకాలం స్లాబు వేడి, వానాకాలం లీకేజీ భరించేది వాళ్లే కదా! కింది అంతస్తు వాళ్లు అసలు లిఫ్టే ఎక్కరు, దాని కరెంటు ఖర్చు తగ్గించడానికి చందా ఎందుకివ్వాలంటారు. 204లో ఉన్నవాళ్లు అద్దెకున్నారు. ఆ ఓనరుగారు డాలస్‌లో ఉంటారు. అక్కడ తన ఇంటి కప్పు మీద ప్యానెళ్లు బిగించుకుని ఫొటో పెడితే గ్రూపంతా చప్పట్లు కొట్టాం. ఇక్కడి వాటా ఎంతో రాసి పంపితే నీలం టిక్కులు పడ్డాయి. అంతే.

సబ్సిడీ లేదా అంటారు. ఎందుకు లేదు? 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద సొంతింటికి మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలొస్తాయి. మాలాంటి సొసైటీల ఉమ్మడి అవసరాలకైతే కిలోవాట్‌కు 18,000. ఈ తేడా చదివి వినిపించగానే 302 పెద్దాయన ‘అంటే మనం అంత లోకువా?’ అని అలిగారు. ఆయన అలక తీర్చడానికే ఒక మీటింగ్ అయిపోయింది. పైగా గృహజ్యోతి పుణ్యమా అని 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇళ్లూ మాలో ఉన్నాయి. సున్నాలోంచి సూర్యుడు ఇంకేం తీసేస్తాడు?

కరెంటు పోతే మామూలు సోలార్ కూడా ఆగిపోతుందన్నది అందరినీ కలచివేసిన విషయం. తీగల మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటట. కావాలంటే బ్యాటరీ వేరే కొనుక్కోవాలి. ‘అవసరానికి రాని చుట్టం’ అని 101 ఆంటీ ఒక్క ముక్కలో తేల్చేశారు.

స్థలం సంగతికొస్తే, కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. అడిగిన అయిదు కిలోవాట్లకు అయిదొందలు. సరిగ్గా అక్కడే పాత చీరల మీద 203 వారి వడియాలు, ఒరుగులు, ఆవకాయ సీజన్లో మిరపకాయలు ఎండుతుంటాయి. మేం సౌరశక్తిని వాడుకోవడం లేదన్నది పచ్చి అబద్ధం.

అన్నిటికన్నా చిక్కు వాటర్ ట్యాంకుతో వచ్చింది. వాస్తు ప్రకారం నైరుతిలో, అన్నిటికన్నా ఎత్తున కట్టించాం. మూడు దాటితే దాని నీడ డాబా మీద పాకడం మొదలవుతుంది. టేపు పట్టుకుని వచ్చిన సోలార్ కుర్రాడు, ప్యానెళ్లను వరుసగా కలుపుతాం కాబట్టి ఒక్కదాని మీద నీడ పడినా వరుసంతా డల్ అవుతుందన్నాడు. అచ్చం మా జనరల్ బాడీ! ప్యానెళ్లను ఈశాన్యానికి జరుపుదామంటే అక్కడ బరువు కూడదు. పైగా అవి దక్షిణానికి చూడాలట. రోజూ యముడి ముఖం చూసే కరెంటుతో లిఫ్టు ఎక్కమంటే ఎవరికైనా టెన్షనే కదా.

మేమొక్కరమే వెనకబడ్డామని ఎవరూ అనుకోవద్దు. 2022 నాటికి దేశంలోని ఇంటికప్పుల మీద 40 గిగావాట్లు రావాలని లక్ష్యం పెట్టుకుంటే, గడువుకు అందులో పావు వంతు కూడా రాలేదు. జాతీయ స్రవంతిలోనే ఉన్నాం.

మొన్న ఆదివారం సిద్ధాంతిగారిని పిలిపించాం. ఆయన డాబా అంతా తిరిగి, నైరుతి బరువు చాలకే ఈ సోలార్ గొడవలు పుట్టాయన్నారు. ట్యాంకును ఇంకో మూడడుగులు ఎత్తాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. డాలస్ నుంచి వాటా అదే రాత్రి వచ్చేసింది. పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందని ఈసారి ఎవరూ అడగలేదు.