60 రోజుల గడువు సరే, రసీదు లేనివాళ్ల మాటేంటి?
నేరం సొమ్ముతో కొన్న ఆస్తిని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నేర విచారణ పద్ధతుల చట్టం) 107వ సెక్షన్ కింద జప్తు చేసి 60 రోజుల్లో బాధితులకు పంచేస్తారని ఒక వ్యాసంలో రాశారు. ఆ గడువు కోర్టు ఆదేశం కలెక్టరుకు అందాకే మొదలవుతుంది. అంతకుముందు ఎస్పీ అనుమతి, కోర్టులో దరఖాస్తు, 14 రోజుల నోటీసు, వాదనలు, ఇవన్నీ అవ్వాలి కదా. ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి వైపు డిపాజిట్ కంపెనీలకి కూలి డబ్బులు కట్టి మునిగినవాళ్లున్నారు. మా పిన్ని దగ్గర మిగిలింది ఏజెంటు పెన్నుతో రాసిచ్చిన పసుపు కార్డొక్కటే, అందులో సగం అంకెలు చెమటకి అలుక్కుపోయాయి. దాన్ని ఏ ఆఫీసరు ఒప్పుకుంటాడు? నోటీసు ఒడియాలోనే వస్తే చదివించుకోడానికి ఇంకొకరి కాళ్లావేళ్లా పడాలి. జప్తు గట్టిగా చెయ్యాల్సిందే, కానీ ఊరూరా క్లెయిములు తీసుకోవాలి, సరిహద్దు జిల్లాల్లో తెలుగులో కూడా నోటీసు వెయ్యాలి. ఎందుకంటే హక్కుదారులు తేలకపోతే ఆ సొమ్ము ప్రభుత్వానికే పోతుందని అదే సెక్షన్లో ఉంది.