సవరణ: గజేంద్రుడు శరణు వేడింది ఎప్పుడు?

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఆరో రోజు రాత్రి జరిగే గజవాహన సేవ గురించి రాసిన పోస్టులో, మొసలి కాలు పట్టిన మరుక్షణమే గజేంద్రుడు శ్రీహరిని శరణు వేడాడని పేర్కొన్నాను, అది పొరపాటు. తిరుపతి మిత్రులొకరు చెప్పాక మూలం తిరగేశాను. భాగవతం అష్టమ స్కంధం ప్రకారం గజేంద్రుడు తన బలాన్నే నమ్ముకొని వెయ్యేళ్లు పెనుగులాడాడు; తోటి ఏనుగులు సాయపడినా విడిపించలేకపోయాయి; నీళ్లలో మసలే మొసలికి పట్టు పెరిగేకొద్దీ ఆయనకు సత్తువ ఉడిగింది. పూర్వజన్మలో, అంటే ఇంద్రద్యుమ్న మహారాజుగా ఉన్నప్పుడు, నేర్చిన స్తోత్రం నోటికి వచ్చింది ఆ తరువాతే. స్వామి కనబడగానే తొండంతో తామరపువ్వు ఎత్తి నమస్కరించాడు; అప్పటికీ కాలు మొసలి నోట్లోనే ఉంది, నిజానికి నేను రాయవలసిన సంగతి ఇదే. శరణాగతి అంటే ప్రయత్నం మానడమని నా పోస్టును అర్థం చేసుకున్నవారు ఈ క్రమాన్ని గమనించగలరు. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.