డిజైనర్లకి గేమింగ్ పీసీలు అంటగట్టడం ఆపండి

గ్రాఫిక్ డిజైనింగ్‌కి సిస్టమ్ కావాలని షాపుకి వెళ్తే చాలాచోట్ల ఒకటే వరస. ముందు గ్రాఫిక్స్ కార్డు చూపిస్తారు, తర్వాత అద్దాల క్యాబినెట్, ఆ తర్వాత రంగురంగుల లైట్ల ఫ్యాన్లు. సగం బడ్జెట్ అక్కడే ఖతం. మిగిలినదాంట్లో ఒకే ఒక్క 16 జీబీ ర్యామ్ స్టిక్, ఊరూ పేరూ లేని ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటిచ్చే పెట్టె), ఆఫర్లో దొరికిన మానిటర్. గేములు ఆడేవాళ్లకి ఆ లెక్క సరిపోతుందేమో. పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, బ్రోచర్లు చేసి బతికేవాళ్లకి మాత్రం అది తలకిందుల లెక్క. డబ్బు ముందు మానిటర్‌కీ ర్యామ్‌కీ పోవాలి. గ్రాఫిక్స్ కార్డు చివర్లో.

ర్యామ్ ఎందుకంటే, 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు తీసుకోండి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10,800 × 3,600 పిక్సెళ్లు, అంటే దాదాపు 3.9 కోట్లు. పిక్సెల్‌కి 3 బైట్లు వేసుకుంటే ఒక్క నిండు లేయరే 110 ఎంబీ దాటుతుంది. అలాంటివి పదిహేనో ఇరవయ్యో, వాటి మీద స్మార్ట్ ఆబ్జెక్టులు, అన్‌డూ కోసం దాచుకునే హిస్టరీ. పక్కన విండోస్, బ్రౌజర్, వాట్సాప్ ఎలాగూ తెరిచే ఉంటాయి. 16 జీబీ నిండిపోగానే ఫోటోషాప్ పనంతా స్క్రాచ్ డిస్క్ మీద, అంటే ర్యామ్‌కి బదులుగా వాడుకునే డిస్క్ జాగా మీద పడుతుంది. బ్రష్ గీశాక గీత కాసేపటికి తాపీగా వస్తుంది. అప్పుడు విండో అడుగున స్టేటస్ బార్‌లో ‘ఎఫిషియెన్సీ’ పెట్టుకుని చూడండి. 100 కంటే తక్కువ చూపిస్తుంటే ర్యామ్ చాలట్లేదు. దానికి కొత్త గ్రాఫిక్స్ కార్డు మందు కాదు.

కాబట్టి కనీసం 32 జీబీ, అదీ 16 చొప్పున రెండు స్టిక్కులు. బోర్డు మీద నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. పక్కపక్కన గుచ్చి వదిలేస్తే ర్యామ్‌కి ఉన్న రెండు దారుల్లో (చానెళ్లలో) ఒక్కటే పనిచేస్తుంది. తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి, లేకపోతే 6000 అని కొన్న డీడీఆర్5 చాలాసార్లు 4800 దగ్గరే నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడు చూస్తే విషయం తెలిసిపోతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్న మాట నిజమే. అయినా కోత వేయాల్సింది గ్రాఫిక్స్ కార్డులో, ర్యామ్‌లో కాదు.

ప్రాసెసర్ గురించి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. రైజెన్ 5 7600 గానీ ఐ5 14400 గానీ ఈ పనికి ధారాళంగా సరిపోతాయి. ఇంటెల్‌లో చివర ‘ఎఫ్’ ఉన్నది మాత్రం వద్దు. అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు వారంటీకి పోయిన రోజున స్క్రీనే రాదు, డెలివరీ ఆగిపోతుంది. కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ పనిలో ఎక్కువ భాగం ప్రాసెసర్ మీదే. లైట్‌రూమ్ ఏఐ డీనాయిస్ (ఫోటోల్లో గ్రెయిన్ తీసేది), వీడియో ఎడిటింగ్ రోజూ ఉంటేనే 8 జీబీ కార్డు కొనండి. పాత పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ ఒక్కటే చేసేవాళ్లకి కార్డు ఊసే వద్దు, ఆ పాత సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోదు.

ఇంకో మాట. 20×10 అడుగుల ఫ్లెక్సీని 300 డీపీఐలో తెరిచి సిస్టమ్ స్లో అనడం అన్యాయం. అది 72,000 × 36,000 పిక్సెళ్లు. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో ఒక్క లేయరే 10 జీబీ. పీఎస్‌డీగా సేవ్ కూడా కాదు, దాని హద్దు ఒక్కో వైపు 30,000 పిక్సెళ్లు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 డీపీఐ చాలు.

మానిటర్ దగ్గర జరిగే నష్టం ప్రింటు వచ్చేదాకా కనపడదు. స్పెసిఫికేషన్‌లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే అది ఎస్‌ఆర్‌జీబీలో (స్క్రీన్లకి మామూలుగా కొలమానంగా వాడే రంగుల శ్రేణి) మూడింట రెండొంతులు కూడా చూపించలేదు. పెళ్లికూతురి ఎర్రచీర అందులో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. డిజైనర్ శాచురేషన్ పెంచుతాడు. ల్యాబ్ నుంచి వచ్చిన షీట్లో చీర రక్తమోడుతుంటుంది, మొహానికి రాసిన పసుపు నారింజ రంగుకి తిరుగుతుంది. రీప్రింట్ ఖర్చు డిజైనర్ నెత్తినే. అందుకే ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), ఎస్‌ఆర్‌జీబీ 99 శాతమో ఆపైనో, వీలైతే 27 అంగుళాల 2560 × 1440. బ్రైట్‌నెస్ వందలో పెట్టి పనిచేయకండి, ప్రింట్లన్నీ నల్లగా వస్తున్నాయంటే చాలాసార్లు కారణం అదే.

ఎస్‌ఎస్‌డీలు రెండు పెట్టుకోండి, ఒకటి విండోస్‌కి, ఒకటి స్క్రాచ్‌కీ నడుస్తున్న పనికీ. వాటిలో టీఎల్‌సీ రకం మెమరీ ఉన్నవి అడిగి తీసుకోండి. చవక క్యూఎల్‌సీ రకంలో క్యాష్ (వేగం కోసం ఉండే తాత్కాలిక జాగా) నిండాక పెద్ద ఫైళ్ల కాపీ ఒక్కోసారి హార్డ్‌డిస్క్ కంటే నెమ్మదిస్తుంది.

ఇక కరెంటు. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే రేటింగ్) ఉన్న 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్, దానికి తగ్గ యూపీఎస్. 600 వీఏ అని రాసి ఉన్నా చాలావాటిలో వచ్చేది 360 వాట్లే. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? సాధారణంగా అది ఎర్తింగ్ లేకపోవడమే. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ సరిచేయించాకే వాడండి.

బిల్లులో ‘1 టీబీ ఎస్‌ఎస్‌డీ’ అని రాస్తే ఒప్పుకోకండి. ప్రతి పార్టుకీ పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకుని, డబ్బాల మీది నంబర్లతో అక్కడే సరిచూసుకోండి.