దైదలుస్‌కు దక్కిన విశేషణం

పనివాడి గొప్పతనాన్ని కొలవాలంటే అతడి పనుల ఫలితం చూడకూడదని, వ్యాకరణంలో అతడికి ఎంత చోటు దొరికిందో చూడాలని లాటిన్ కవులు ఏనాడో తేల్చేశారు. గ్రీకు కథల్లోని మహాశిల్పి దైదలుస్ సంగతే తీసుకోండి. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ప్రకారం ఆయన, చేపముల్లును చూసి రంపం కనిపెట్టిన మేనల్లుణ్ణి ఓర్వలేక కోట మీదినుంచి తోసేశాడు. క్రీటు రాజుకు చిక్కుదారుల భవనం కట్టి, తిరిగి గడప చేరడానికి తానే నానా అవస్థా పడ్డాడు. మైనంతో అతికిన రెక్కలిచ్చి కన్నకొడుకును సముద్రం పాలు చేశాడు. ఇంతటి అనుభవశాలికి బిరుదు ఇవ్వకుండా ఎలా ఉంటారు?

ఆయన పేరునే 'నేర్పుగల', 'చిత్రంగా మలిచిన' అనే అర్థాల్లో విశేషణం చేసి ఇచ్చారు. ఆ మాట గ్రీకులో ముందే ఉందని, పేరే దాన్నుంచి పుట్టిందని పండితులు గొణుగుతారు గాని, సన్మాన సభలో అలాంటివి పట్టించుకోకూడదు. మనకైతే భగీరథుడి పేరును ప్రయత్నం ముందు నిలబెడితే పని తీరిపోతుంది. లాటిన్‌లో విశేషణం పక్కనున్న నామవాచకపు లింగానికి తల వంచాలి. లుక్రీషియస్ దాన్ని భూమికి, ప్రకృతికి, చివరికి మాటలు చెక్కే నాలుకకు కూడా తగిలించాడు. మూడూ స్త్రీలింగాలే కనుక మూడుచోట్లా అది 'దైదల' అయింది. వర్జిల్ తేనెటీగల ఇళ్లకు వాడితే, అవి నపుంసక బహువచనమై అక్కడా 'దైదల'యే మిగిలింది. పాపం, మేస్త్రిగారి సొంత పుంలింగపు 'ఉస్'కు ఎక్కడా పని దొరకలేదు. తండ్రి సూర్యుడి గుర్రాలతో దొంగచాటుగా సంకరజాతిని పుట్టించిన మంత్రగత్తె కిర్కేకు సైతం వర్జిల్ ఆ మాటే వేశాడు. ఈమె, దైదలుస్ చేత చెక్క ఆవును చేయించుకున్న క్రీటు రాణి పాసిఫాయెకు తోబుట్టువు. కాబట్టి ఈ ఒక్క ప్రయోగాన్ని ఇంటి వ్యవహారంగా భావించాలి.

అదే వర్జిల్, దైదలుస్ ఇటలీలోని కూమేలో అపోలో దేవుడికి గుడి కట్టి, కొడుకు పడిపోవడాన్ని తలుపు మీద బంగారంలో దిద్దబోతే రెండుసార్లూ ఆ తండ్రి చేతులు వాలిపోయాయని రాశాడు. ఇక్కడ వెక్కిరించడానికి నాకూ చేతులు రాలేదు.

రోమన్లకు అలాంటి మొహమాటం లేదు. క్రీ.శ. 80లో తెరిచిన కొలోసియంలోని ఆటల మీద మార్షియల్ రెండే పాదాల్లో ఒక పద్యం చెప్పాడు: దైదలుస్ వేషం వేసినవాణ్ణి లుకానియా ఎలుగుబంటి చీలుస్తుంటే, ఇప్పుడు నీ రెక్కలుంటే బాగుండునని ఎంత అనుకుంటున్నావో కదా అని పరామర్శించాడు. ఆ రెక్కలను దైదలుస్ కూమే గుడిలో అపోలోకు సమర్పించేశాడని వర్జిల్ అంతకు దాదాపు వందేళ్ల ముందే రాసిపెట్టాడు.