తలుపు మూలనున్న గాలానికి ఒక ఉత్తరం

చిరంజీవి గాలానికి,

ఉభయకుశలోపరి. శ్రీకాకుళంలో ఎండలు బాగానే ఉన్నాయి, తలుపు మూల నువ్వూ బాగానే ఉన్నావు. ఉత్తరం ఎందుకంటే, కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటంతా రక్షిత ప్రాంతం చేసేస్తారట. కాగితం ఎవరూ చూడలేదు, టీ కొట్టు దగ్గర విన్నాం. ఒడిశాలో గహిర్మాతని 1997లోనే సముద్ర అభయారణ్యం చేశారు కదా, ఇక మన వంతేనని ఒకాయన తేల్చేశాడు. అంతే, సరదాకి చేపలు పట్టే మన ఆదివారం బ్యాచ్‌కి టెన్షన్ మొదలైంది.

నీ తరఫున నేను చేసిన మొదటి పని గొంతు చించుకోవడం. "మత్స్యకారుల పొట్ట కొడతారా!" అన్నాను. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, "మా పొట్ట సంగతి మేం సూసుకుంతాం. మీకేటి బాబూ, సేప పడకపోతే కొనుక్కుంతారు" అన్నాడు.

నిజమే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం, ఆయన ఇంజిను పడవ ఒడ్డెక్కుతుంది. నీకు మాత్రం అవి వేసవి సెలవులు.

తర్వాత చట్టం తిరగేశాను. సముద్రాన్ని అభయారణ్యంలో కలిపేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తికి ఇబ్బంది లేకుండా చూడాలని 1972 వన్యప్రాణి చట్టంలో ఉంది. నీ పేరు కోసం వెనకా ముందూ వెతికాను, లేదు. హక్కులున్నవాళ్లు ప్రకటన వచ్చిన రెండు నెలల్లోగా కలెక్టరుకి రాసివ్వాలట. ఏం హక్కని రాయను? ఆదివారం ఇంట్లో ఉంటే బూజు దులపమంటారనా?

పోనీ, ఒక్క కొక్కెం, ఒక్క చేప, మనవల్ల నష్టమేంటని వాదిద్దామనుకున్నాను. అప్పుడే ఫోన్లో మన పండుగప్ప ఫోటో కనబడింది. 'మగాడంటే వీడే' అని స్టేటస్ పెట్టానే, అదే. పండుగప్ప మొదట మగదట, కొన్నేళ్లు పెరిగాక ఆడదవుతుందట. అంటే పెద్దవన్నీ దాదాపు తల్లులే. గుడ్లు పెట్టడానికి అవి వచ్చేదీ నదీముఖాలకే, సరిగ్గా మనిద్దరం కాపు కాసే చోటికే. ఆ రోజు కోస్తే కడుపులో రెండు గుడ్ల సంచులు, పసుపు రంగులో, అరచేతి పొడవున. ఉప్పూ కారం పట్టించి వేయించాం. బాగున్నాయి కూడా.

అందుకని ఒక నోటుబుక్కు కొన్నాను. తేదీ, చోటు, చేప, పొడవు, వదిలామా తిన్నామా. రేపు నిజంగానే ఎవరైనా వచ్చి అభిప్రాయం అడిగితే, ఏడాది పొడుగునా మూయాలా, గుడ్లు పెట్టే నెలల్లో మూస్తే చాలదా, గట్టు మీంచి పట్టి వదిలేస్తే ఒప్పుకుంటారా అని మనం అడగొచ్చు. ఇన్నాళ్లూ ఎన్ని పట్టారని వాళ్లు ఎదురు అడిగితే మాత్రం ఇప్పటికి మన దగ్గరున్న లెక్క 'బోల్డు'. అది కూడా అబద్ధం.

నీ కొక్కేనికి, చేప జారిపోకుండా పట్టే ఎదురుముల్లుని పట్కారుతో నొక్కేశాను, కోపం తెచ్చుకోకు. ఆదివారం నాలుగున్నరకి అలారం పెట్టాను, కొలటేపు సంచిలో వేశాను. పెద్దది పడితే కొలిచి వదిలేద్దాం. మా ఆవిడకి చెప్పకు. వచ్చేటప్పుడు బజార్లో కవళ్ల చేపలు కొనుక్కుని వెళ్దాం.

ఇట్లు,
నీ ఆదివారం యజమాని