గాదె పలకలు ట్రాక్టరెక్కాయి

ఇంటికొచ్చి రెండు గంటలైంది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

ఆదివారం కదా అని పొద్దున్నే కెమెరా పట్టుకుని బయల్దేరాను. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంకలో కాలవ గట్టెక్కి, లొల్ల లాకుల మీదుగా తొందర లేకుండా కారు నడుపుకుంటూ, పాత పాక ఎక్కడ కనపడితే అక్కడ ఆగుతూ వెళ్లాను. కోనసీమ అంటే అందరూ కొబ్బరిచెట్లే తీస్తారు. నేను చేలో మకాం, అంటే పొలంలో కట్టుకున్న పాక, దాని నాటు పెంకుల కప్పు, గోడకి కొట్టిన పిడకలు, గడ్డివామి పక్కన కట్టేసిన దూడ, ఇవే తీస్తాను.

కిందటి నెల ఒక మకాం చూసి పెట్టుకున్నాను. లోపల ధాన్యం దాచుకునే నిలువెత్తు చెక్క గాదె. చెమ్మ తగలకుండా కింద రాళ్లు, వాటి మీద దూలాలు. ముందువైపు పలకలు గాడిలోకి ఒకదాని మీద ఒకటి దించుతారు. ధాన్యం తగ్గేకొద్దీ పై పలక నుంచి ఒక్కొక్కటీ తీసుకుంటూ వస్తారు. ఆ రోజు వెలుతురు చాలక ఫోటో తీయలేదు. ఈవేళ వెళ్తే ఆ పలకలు ట్రాక్టరు మీద ఉన్నాయి.

కలప కొన్నాయన నన్ను చూసి, "ఇక్కడెందుకండీ ఫోటోలు? ఇది రిసార్టుకెళ్తుంది, బార్ కౌంటర్ చేస్తారంట. అక్కడికొచ్చి తీసుకోండి, బాగా వస్తాయి" అన్నాడు.

విత్తనాలు దాచిన పలకల మీద సీసాలు పెడతారా!

అక్కడే నిలబడ్డ కౌలు రైతు, "నేనేం చేస్తానండి, ఓనరుగారు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి ఇచ్చెయ్యమన్నారు" అన్నాడు. ఆయన్ని నేనేమీ అనను. పెంకు జారితే సొంత డబ్బుతో సర్దించడానికి ఆ పాక ఆయనది కాదు. ఎవరిదో వాళ్లు దాన్ని చూడటానికైనా రారు.

గాదెలతో ఇప్పుడు పనేముంది అంటారు, తెలుసు. కోత మిషన్ దిగితే సాయంత్రానికి చేను ఖాళీ. పచ్చి ధాన్యం రోడ్డు మీద ఆరబోసి అటునుంచి అటే మిల్లుకి. కుప్ప లేదు, నూర్పు లేదు, గడ్డితో వెంటి, అంటే లావుపాటి తాడు, పేని దాన్ని చుట్టి ధాన్యానికి పురి కట్టేవాళ్లు అసలే లేరు. మిషన్ నలిపిన గడ్డి వెంటికి పనికిరాదు కూడా. అన్నీ ఒప్పుకుంటాను. కానీ పనికిరాదని పీకేసిన దాన్నే రిసార్టులో దీపాల కింద పెట్టి, పల్లెటూరు చూపిస్తామని డబ్బు తీసుకుంటుంటే ఎలా ఊరుకోవాలి? 1852లో ఆనకట్ట పూర్తిచేశాడని కాటన్ దొర విగ్రహానికి ఇప్పటికీ దండలు వేస్తాం. ఆ నీళ్లతో పండిన గింజ దాచుకున్న చోటుకి మాత్రం పాత కలప రేటు కడతాం.

అసలు నా కడుపుమంట మా అన్నయ్య మీద. పెదనాన్నగారి అబ్బాయి.

1996 నవంబరు తుఫానుకి మా తోటలో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, పాక కప్పు సగం లేచిపోయింది. గాదె మాత్రం కదల్లేదు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, దాచిన విత్తనాలు తడవలేదని చెయ్యిపెట్టి చూసుకున్నాకే తాతయ్య వచ్చి కూర్చున్నారు. అలాంటి గాదెని అన్నయ్య ఒక్క ఫోన్ కాల్‌తో అమ్మేశాడు. నాకు మాటమాత్రం చెప్పలేదు. సంక్రాంతికి వెళ్లేసరికి నాలుగు రాళ్లు మిగిలాయి. "పాత చెక్కరా, పురుగు పట్టింది" అన్నాడు. పురుగు పట్టిన చెక్కని ఎవరైనా డబ్బిచ్చి కొంటారా?

ఆ పలకల లోపలివైపు తాతయ్య సున్నంతో పెట్టిన గీతలుండేవి, ఏ ఏడు ఎన్ని బస్తాలో. వాటి ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. అందుకే ప్రతి ఆదివారం ఊళ్లోవాళ్ల పాకల చుట్టూ తిరుగుతున్నాను.

అన్నయ్యా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. డబ్బు అడగను, వాటా అడగను. ఎవరికి అమ్మావో చెప్పు చాలు. ఏ హోటల్లో ఉన్నా సరే, వెళ్లి ఆ గీతలున్న పలక వెతుక్కుంటాను.