ఏనుగు వారసులకు ఎంత?

మా మేనల్లుడు అమెరికా నుంచి తెప్పించుకున్న బేస్‌బాల్ కార్డు ఒకటి మొన్న పట్టుకొచ్చి, దేవుడి పటం చూపినంత భక్తితో నా చేతిలో పెట్టాడు. ముందువైపు ఏనాడో కన్నుమూసిన ఆటగాడు బ్యాటు ఎత్తి నవ్వుతున్నాడు. వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో, ఆ నవ్వు ఎవరి అనుమతితో అచ్చయిందో రాసి ఉంది. భూతద్దం పెట్టి చదివాను. హక్కుదారుల్లో నవ్వినవాడు తప్ప అందరూ ఉన్నారు.

ఈ హక్కు పుట్టుక ముచ్చటైనది. గమ్‌తో పాటు ఇచ్చే కార్డుల మీద వేసే ఆటగాళ్ల ఫోటోల కోసం హేలన్, టాప్స్ అనే రెండు చూయింగ్ గమ్ కంపెనీలు కొట్టుకుంటే, మనిషికి తన రూపం మీద వ్యాపార హక్కు ఉంటుందని 1953లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. బంకలో పుట్టిన హక్కు కనుక చచ్చినా వదలదు. కాలిఫోర్నియాలో మనిషి పోయాక 70 ఏళ్లు, ఇండియానాలో 100 ఏళ్లు అంటుకునే ఉంటుంది. మన దగ్గర ఆ బాధ లేదు. ఒక సినీనటుడి తండ్రి వేసిన దావాలో, అలాంటి హక్కు మనిషితోనే పోతుందని ఢిల్లీ హైకోర్టు 2023లో చెప్పింది. ఆటగాడు ఉచితంగా కావలసిన కంపెనీ కాస్త ఓపిక పడితే చాలు.

ఇండియానా చట్టం విశాఖకు వచ్చిందనుకుందాం. బీచ్ రోడ్డులో, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం దగ్గర లైసెన్సు అధికారి కుర్చీ వేసుకుంటాడు. సెల్ఫీ దిగినవారికి రసీదు, మురీ మిక్చర్ పొట్లం మీద ఆయన బొమ్మ కనబడితే బండివాడికి నోటీసు, ముందస్తు అనుమతి లేకుండా తల మీద వాలినందుకు కాకికి తాఖీదు. ఇంతలో, ఆ ఏనుగు వారసుల తరఫున ఒక వకీలు దిగి, కింద పడుకున్నవాడి బలం పైకెక్కినదాని బరువు వల్లనే లోకానికి తెలిసింది గనుక సగం వాటా తన కక్షిదారులదేనని వాదిస్తాడు. వెనకనే మావటి మనవడు అంకుశంతో హాజరవుతాడు. అధికారి అంతా శ్రద్ధగా విని, "ఏనుగు మరణ ధ్రువపత్రం తెచ్చారా?" అని అడిగి భోజనానికి లేస్తాడు. వాటాలు తేలేదాకా ఆగలేని కార్డుల కంపెనీ ఏనుగును చెరిపేసి అచ్చువేస్తుంది. ఏ కారణమూ లేకుండా వెల్లకిలా పడుకున్న పెద్దమనిషిని మన పిల్లలు అయిదు రూపాయలకు కొనుక్కుంటారు.

హోనస్ వాగ్నర్ అనే ఆటగాడు, 1909 ప్రాంతంలో, సిగరెట్ పెట్టెల్లో పెట్టే కార్డు మీద తన బొమ్మకు ఒప్పుకోలేదు. పిల్లల చేతికి పొగాకు అందడం ఇష్టంలేక అన్నవారున్నారు, డబ్బు కుదరక అన్నవారూ ఉన్నారు. ఏదైతేనేం, అచ్చు ఆగింది. అప్పటికే బయటపడిన కొద్ది కార్డుల్లో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. ఆ ధర ఆయన 'వద్దు'కు కట్టింది. బతికున్నాడు గనుక ఆ మాట అనగలిగాడు. పోయినవాడి బొమ్మ మద్యం సీసాకు అతికించినా, జూదం యాప్‌లో తిప్పినా, వారసుల సంతకం ఉంటే వ్యాపారం, లేకుంటే దొంగతనం; తగాదా ఎంతసేపూ రేటు గురించే. ఆ ముఖం మోసినవాడు దీనికి ఒప్పుకునేవాడా అని ఏ లాయరూ అడగడు, ఏ కంపెనీ అడగదు, డబ్బిచ్చి కొనే సిగ్గులేని మనమూ అడగం. రామ్మూర్తికి చివరి రోజుల్లో కాలు తీసేశారు. ఆ రూపానికి లైసెన్సు అడిగే కంపెనీ ఇంకా పుట్టలేదు.

ఇదంతా మేనల్లుడికి చెప్పబోయాను. "మావయ్యా, వేలిముద్ర పడితే రేటు పడిపోతుంది" అని కార్డు లాక్కుని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేశాడు.